లేబుల్ లేని నిమ్మరసం సీసా

నేను ఒక గాజు సీసాను. నన్ను చూసి మీరు జాలిపడక్కర్లేదు. జాలిపడాల్సిన మనిషి పేరు హైమవతి.

ఫ్యాక్టరీలో నా కడుపు నిండా నిమ్మ స్క్వాష్ పోసి, పాడవకుండా గంధకపు మందు కలిపి, నడుముకు లేబుల్ అంటించారు. ఆ మందు నంబరు 224 అని లేబుల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. పోనీలే, వేశారు కదా అనుకున్నాను.

కాకినాడలో నన్ను కొన్న భ్రమరాంబ ఇంటికి తెచ్చీ తేగానే వేడినీళ్లలో నానబెట్టి, ఆ లేబుల్‌ను గోటితో గీకి పారేసింది. పేరంటానికి కొన్న షర్బత్ ఇవ్వడం ఆమెకు నామోషీ. ఇంట్లో చేసిందని చెప్పుకోవడం మర్యాద. ఈ మనుషుల మర్యాదలు నాకు ఇప్పటికీ అర్థం కావు.

శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం పేరంటానికి పై వాటాలోని హైమవతి వచ్చింది. బడిలో లెక్కల టీచరు, ఉబ్బసం మనిషి. ఆ 224 తన ఒంటికి పడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి, కొన్నది ఏదైనా లేబుల్ చదవందే నోట్లో పెట్టదట. గ్లాసు అందుకుని అడిగింది కూడా.

"పిన్నిగారూ, ఇది కొన్నదా? కొన్నదైతే నాకు పడదండి."

పదిమంది ముత్తయిదువులు చూస్తున్నారు. "మనింట్లో చేసిందేనమ్మా, తాగు" అంది భ్రమరాంబ. హైమవతి నమ్మి తాగింది. నోరు లేనిదాన్ని, నేనేం చేయను?

తాంబూలం అందుకునేలోపే ఆమెకు ఊపిరాడలేదు. చేతిసంచిలోని ఇన్‌హేలర్ మూడుసార్లు పీల్చినా తేరుకోలేదు. భర్త చంద్రమౌళి పరుగున వచ్చి ఆటోలో తీసుకెళ్లాడు. అరగంటకు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. ఏం తాగిందో డాక్టరు అడుగుతున్నారట, సీసా ఏదైనా ఉంటే చూసి చెప్పమన్నాడు. భ్రమరాంబ నా వైపు చూసింది. పేరంటాళ్లు ఇంకా వెళ్లలేదు.

"సీసా ఏదీ లేదు బాబూ. ఇంట్లో పిండిన నిమ్మరసమే."

దీపాలు పెట్టే వేళకు హైమవతి పోయింది. ఉబ్బసం ముదిరి పోయిందన్నారు అందరూ. భ్రమరాంబ నిజంగానే ఏడ్చింది, మూడు రోజులు అన్నం ముట్టలేదు. అయినా నాకు ఆమె మీద కోపం చల్లారలేదు.

నాలుగోరోజు నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఇదేం సీసా అని అతను ఊరికే అడిగాడు.

"నిమ్మరసానిది. ఇంట్లో చేసిందే" అంది, తల దించుకుని.

ఇప్పుడు పాత సీసాల గుట్టలో పడి ఉన్నాను. నా పక్కనున్న సీసాలన్నిటికీ లేబుళ్లున్నాయి. వాటిని ఎవరూ చదవరు. చదివే మనిషి ఒక్కతే ఉండేది.