పంప చెయ్యెత్తింది

ఈ ఎండకు పిల్ల గౌను బ్రూస్‌పేటలో మా ఇల్లు చేరేలోపే ఆరిపోతుంది, ఆరితే ఎవరికీ తెలియదు, అత్తగారికి అసలే తెలియదు, తెలియకపోవడమేమిటి, క్లాసంతా నవ్విందట, ఆ నవ్వు మాకంటే ముందే ఇల్లు చేరి ఉంటుంది, పంప నా వేలు పట్టుకుని నడుస్తోంది, ఏడేళ్ల పిల్ల, ఎన్నడూ నడిచింది లేదు, పరుగే, జట్కాల మధ్య, తోపుడు బళ్ల కింద, ఈరోజు మాత్రం బుద్ధిగా నడుస్తోంది, అందుకే భయంగా ఉంది నాకు.

బుద్ధి, ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది, ఆడపిల్లకి అణకువ ల్యాకపాయ, నీ పెంపకమే అట్లుండాది అని మా అత్త పద్మావతమ్మ అనని పూట లేదు, గాలి సోకింది తాయెత్తు కట్టించమన్నారు కొందరు, బెంగళూరు డాక్టరమ్మ ఒక్కతే ఇది పొగరు కాదు, ఏడీహెచ్‌డీ అంటారు, నిలకడగా ఉండడం పిల్ల చేతిలో లేదు అంది, తిట్టకండి, బెదిరించకండి, ఎక్కడ కష్టపడుతోందో దాన్నే చిన్న కథ చేసి చెప్పండి, తనేం చేయాలో, ఎదుటివాళ్లేం చేస్తారో, అన్నీ పిల్ల మాటల్లోనే, అంది, రోజూ జడ వేస్తూ చెప్పాను, నా పేరు పంప, ఊ, నేను ఇస్కూలుకు పోతా, ఊ, కూసుంటే నా కాళ్లు లేసి పోదామంటాయి, ఊ, అది తప్పు కాదు, ఊ, అప్పుడు నేను చెయ్యెత్తుతా, ఊ, టీచరమ్మ నన్ను చూస్తాది, పొయ్యి రా తల్లీ అంటాది, ఊ, నేను పొయ్యొచ్చి మళ్లా కూసుంటా, దేనికీ నిమిషం నిలవని పిల్ల ఈ కథకు మాత్రం జడ చివర రిబ్బను కట్టేదాకా ఊ కొట్టేది, ఇంకోసారి చెప్పకుండా లేచి పరుగెత్తితే బడి మాన్పిస్తామని హెడ్మాస్టరు అప్పటికే అని ఉన్నాడు, ఆ కథొక్కటే మా ఇద్దరికీ దిక్కు.

టీచరుతో ఈ సంగతి మాట్లాడి వస్తానంటే మా ఆయన గుడ్డల అంగట్లో గజంబద్ద పట్టుకునే నవ్వాడు, మాటలెందుకే, మంచి రవికె గుడ్డ తీస్కపొయ్యి పసుపు కుంకాలతో పెట్టి రా, అంతా సర్దుకుంటాది, అంతే మావాళ్లకు, ఏ వాకిలి తెరవాలన్నా రవికె గుడ్డే, ఉరుకుందమ్మ టీచరు గుడ్డను కళ్లకద్దుకుంది, అమ్మా మా పాపకు ఒక కథ చెప్తాండా, అందులో మీరు, అంటూ ఉండగానే, నాకు తెల్సులేమ్మా, నేను చూసుకుంటా గదా, అని లోపలికి వెళ్లిపోయింది, చూసుకుంది, బాగానే చూసుకుంది, ఇందాక పిల్లను తీసుకురాబోతే ఏమంటుంది, నోడ్రీ, చూడండమ్మా, మీ పాపను నేను ఒక్క మాటన్లేదు, ఎనక బెంచీలో కూసోబెట్టి ఆ పక్కకే చూడ్లేదు, ఎంతసేపు చెయ్యెత్తుకోనుండాదో నాకేం తెల్సు, రోజూ లేసి పరిగెత్తేదే గదా, ఈపొద్దేమొచ్చె, అంటుంది, ఈపొద్దేమొచ్చిందో నాకు తెలుసు, పక్క పిల్ల చెప్పింది, కుడి చెయ్యి నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తిందట, లేవలేదట, గౌను తడిసిపోయాక కూడా చెయ్యి దించలేదట, నా బంగారు తల్లీ, నీకు ఆ కథ చెప్పిన నోరు పడిపోనూ.

గాజుల అంగడి ముందు పంప ఆగింది, అమ్మా నేను చెయ్యెత్తినా అంది, ఊ, అన్నాను, టీచరమ్మ చూడ్లేదు, ఊ, అన్నాను, తల ఎత్తి నా మొహంలోకి చూసింది, ఆ కథ టీచరమ్మకి ఎవురు చెప్పినారమ్మా, అంది.

ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, పిల్లను బాగుచేయమని ప్రతివాళ్లూ నా నెత్తిన పడ్డారు, నేను పిల్ల నెత్తిన పడ్డాను, కథలో ఇద్దరున్నారు, ఒకరు చెయ్యెత్తాలి, ఇంకొకరు చూడాలి, ఎత్తడం పంపకు వచ్చేసింది, రానిది వాళ్లకి, ఆ టీచరుకి, మా ఆయనకి, మా అత్తకి, కూర్చోబెట్టి ఊ కొట్టించవలసింది వాళ్లచేత, ఎవురూ చెప్పలేదు తల్లీ, పా, ఇద్దరం పొయ్యి చెబుదాం, అని వచ్చిన దారినే వెనక్కి తిరిగాను, గబగబా నడవాలి, గౌను ఆరకముందే చేరాలి.