పద్నాలుగో జవాబు

స్వర్ణ భువనగిరిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. బయటి దేశంలో నర్సు ఉద్యోగం రావాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చదవడం, రాయడం, వినడం ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే ఆమెకు నోరు పెగిలేది కాదు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఇంగ్లీషులో ఏమైనా అడిగితే మందుల పేర్లు చెప్పి తల దించుకునేది.

ఆ నోరు తెరిపించినవాడు సునీల్. వాళ్ల చర్చిలో సంఘపెద్ద జాషువా గారి కొడుకు. భువనగిరి బస్టాండు దగ్గర ఒక మేడమీద ఇంగ్లీషు సెంటరు పెట్టాడు. అది బాగా నడిచి షాద్‌నగర్‌లో ఇంకో బ్రాంచి కూడా తెరిచాడు. స్వర్ణ దగ్గర ఫీజు తీసుకోలేదు.

"మన వాడకెల్లి ఒక్క పిల్ల బయటి దేశం పోతే నాకు గదే ఫీజు చెల్లె" అన్నాడు. ఆ మాటను స్వర్ణ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో. తల్లి ఎస్తేరు ప్రతి ఆదివారం ప్రార్థనలో సునీల్ పేరు కలిపేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సునీల్ ఆమెను సెంటరుకు పిలిచి, గ్రంథాలయం గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నాడు. గ్రంథాలయం విజ్ఞాన భాండాగారమనీ, తాను వారానికోసారి వెళ్తాననీ స్వర్ణ బట్టీపట్టినట్టు అప్పజెప్పింది.

సునీల్ చెయ్యెత్తి ఆపాడు. "గిట్ల అందరు చెప్తరు. నీది చెప్పు. చిన్నప్పుడు లైబ్రరీకి పోతుంటివా? పోతే యాడ కూసుంటుంటివి, ఏం జేస్తుంటివి?"

స్వర్ణ మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆమె పదో తరగతి. నాయిన ఇస్రాయేలు వాళ్ల ఊరి గ్రంథాలయంలో ఊడ్చే పనిచేసేవాడు. బడి వదిలాక ఆమె నేరుగా అక్కడికే పోయేది. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే కార్డు కావాలి, కార్డుకు ఊళ్లో ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. ఇస్రాయేలు నాలుగిళ్లు తిరిగాడు. రేపు రా అన్నవాళ్లే అందరూ. అందుకని చదివేదేదో అక్కడే చదవాలి. కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక కిటికీ కింద నేలమీద కూర్చునేది. మనిషి శరీరం గురించి రంగు బొమ్మలతో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ఇంకెవరూ తీసుకుపోకుండా పాత పేపర్ల కట్టల వెనక దాచి వెళ్లేది. మర్నాడు వచ్చి ముందు అది ఉందా లేదా అని తడుముకునేది.

పరీక్షల ముందు ఆమెకు జ్వరం తగిలి నాలుగు రోజులు మంచం దిగలేదు. బిడ్డ ఆ పుస్తకాన్ని కలవరించడం విని, ఇస్రాయేలు దాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. పొద్దున్నే తిరిగి పెట్టేద్దామనుకున్నాడు. ఆ పొద్దున గ్రంథాలయం సారు తొందరగా వచ్చాడు. ఇస్రాయేలు చేతిలో పుస్తకం చూశాడు. "నేనే తీస్కపోయిన" అన్నాడు ఇస్రాయేలు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. ఇంట్లో మాత్రం పనిలోంచి తీసేశారని చెప్పాడు, ఎందుకు తీసేశారో చెప్పలేదు. బిడ్డను పక్కకు పిలిచి, "గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె. మీ అమ్మకు గూడ తెల్వొద్దు" అన్నాడు.

తెలుగులో అయితే ఆ మాటలు స్వర్ణ నోట వచ్చేవే కావు. ఇంగ్లీషులో చెబుతుంటే అదేదో వేరే పిల్ల గురించి, వేరే తండ్రి గురించి అన్నట్టు తోచి, ఆగకుండా చెప్పేసింది. చెప్పడం అయ్యేసరికి సునీల్ కళ్లు చెమర్చాయి. బల్లమీద అతని ఫోను రికార్డు చేస్తోంది. తప్పులు దిద్దడానికని అంతకుముందే చెప్పాడు.

"ఒక్కకాడ జర మార్చాలె" అన్నాడు సునీల్. "తెచ్చిండు అనుడు గాదు, దొంగిలించిండు అను."

"వద్దన్నా. వాపస్ పెట్టెతందుకే తెచ్చిండు. దొంగతనం గాదు."

"సరె సరె, నీ ఇష్టం" అని నవ్వాడు. నెల రోజుల పాటు ఆ జవాబును ఆమె చేత మళ్లీ మళ్లీ చెప్పించి, ఒక్కో మాట సానబెట్టాడు. స్వర్ణకు ధైర్యం వచ్చింది.

తీరా హాలు టికెట్ చేతికొచ్చాక దవాఖానలో సెలవు దొరకక పరీక్షను ఆరు నెలలు వాయిదా వేసుకుంది. ఆ ఆరు నెలలూ నైటు డ్యూటీలతో సెంటరుకూ, చాలా ఆదివారాలు చర్చికీ పోవడం కుదరలేదు. జవాబులు మాత్రం బస్సులో కూర్చుని మనసులో చెప్పుకునేది.

మాట్లాడే పరీక్ష హైదరాబాదులో, పొద్దున పదకొండింటికి. లోపల బల్లకు అటువైపు నడివయసు ఆవిడ, ముఖంలో విసుగూ లేదు, ఆదరమూ లేదు. ముందు పేరు, ఊరు, పని అడిగి ఒక కార్డు అందించింది. మీకు తెలిసిన గ్రంథాలయం గురించి, అక్కడ మీకున్న అలవాట్ల గురించి చెప్పండి అని ఉంది దాని మీద. దేవుడు తన మొర వినే ఇచ్చాడనుకుంది స్వర్ణ.

"మా నాన్న గ్రంథాలయం ఊడ్చేవాడు" అని మొదలుపెట్టింది.

ఆవిడ రాస్తున్న కలం ఆగింది. తలెత్తి స్వర్ణ ముఖంలోకి చూసింది. స్వర్ణ ఇంకా ఉత్సాహంగా చెప్పుకుపోయింది. కిటికీ కింద నేల, పేపర్ల కట్టల వెనక పుస్తకం. జ్వరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ, "చాలు, థాంక్యూ" అంది. రెండు నిమిషాలు ఇంకా కాలేదు. ఫోన్లు వచ్చాక గ్రంథాలయాలు అవసరమా, ఊరికి గ్రంథాలయం ముందా రోడ్డు ముందా, ఒకదాని వెనక ఒకటి అడిగింది. స్వర్ణ తడబడింది. తానేం తప్పు చేసిందో తెలియక, ఆ తెలియనితనంలోనే మాటలు చిక్కుబడ్డాయి. లేచి వచ్చేటప్పుడు నమస్తే పెడితే ఆవిడ కాగితం మీంచి తలెత్తలేదు.

కిందికి దిగుతుంటే మెట్ల మీద ఒకమ్మాయి కళ్లు మూసుకుని గొణుక్కుంటోంది. ఇంగ్లీషులో. "మా నాన్న గ్రంథాలయం ఊడ్చేవాడు. ఆయన ఊడ్చిన నేలమీదే కూర్చుని నేను చదువుకున్నాను..."

స్వర్ణ రెండు మెట్లు వెనక్కి ఎక్కింది. "మీ నాయిన గూడ లైబ్రరీల పనిచేసిండా?" అని అడిగింది.

ఆ అమ్మాయి కళ్లు తెరిచి నవ్వింది. పేరు అక్షిత అట, షాద్‌నగర్ నుంచి వచ్చింది. "మా నాయిన వ్యవసాయం అక్కా. గిది మా సార్ ఇచ్చిన జవాబు. లైబ్రరీ వస్తే గిదే చెప్పమన్నడు, గ్యారంటీ మార్కులట. మీరు గూడ సునీల్ సార్ దగ్గర్నేనా?"

చేతిలోని కాగితాల కట్ట చూపించింది. పద్నాలుగో జవాబు, గ్రంథాలయం. అంతా ఉంది. తువ్వాలుతో సహా ఉంది. ఒక్క మాటే వేరు. మా నాన్న నా కోసం పుస్తకం దొంగిలించాడు.

"పొద్దుటి నుంచి మా బ్యాచోళ్లు ఇద్దరు లోపల మేడమ్‌కు గిదే చెప్పిన్రట, లైబ్రరీయే వచ్చిందట" అంది అక్షిత సంబరంగా.

ఆ కాగితం ఒక్కటి ఇస్తావా అని అడిగి తీసుకుని, స్వర్ణ ఏ బస్సు ఎక్కిందో ఎక్కడ దిగిందో కూడా గుర్తులేకుండా భువనగిరి చేరింది. మేడ మెట్లెక్కేసరికి సునీల్ చాయ్ తాగుతున్నాడు.

"శాన దినాలైంది చెల్లె, ఎట్లున్నవ్?"

ఆమె కాగితం బల్లమీద పెట్టింది. "గిదేంది అన్నా?"

సునీల్ దాన్ని చూశాడు. లేచి క్లాసు గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "కూసో. పేరు పెట్టలే, ఊరు పెట్టలే. ఎవలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"జర నిమ్మలంగ ఆలోచించు. గీ జవాబుతోని ఎంతమంది ఒడ్డెక్కిన్రో ఎరుకేనా? దేవుడు నీకిచ్చిన సాక్ష్యం అనుకో. పదిమందికి అక్కరకొచ్చింది."

"సాక్ష్యం ఎవలిది వాళ్లు చెప్పుకోవాలె. దొంగిలించిండు అని ఎందుకు రాసినవ్? వద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"గట్లుంటెనే విన్నోళ్లకు తాకుతది."

"మరి నాకెందుకు చెప్పలే? నేను లోపలికి పోయి గదే చెప్తనని తెలుసు గద. బట్టీకొట్టిన అనుకుంది ఆమె. నా ముచ్చట నేను చెప్తుంటే ఆపేసింది."

సునీల్ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు ఆర్నెల్ల కిందనే రాసి ఉంటవనుకున్న" అన్నాడు. "నిజంగ మతికి లేదు చెల్లె."

అంతవరకూ కోపంతో నిలబడ్డ స్వర్ణ ఆ మాట విని బల్లమీది కాగితం మడిచి తీసుకుంది. మోసం చేయాలని చేసినా బాగుండేది. అతనికి ఆమె గుర్తే లేదు. కథ తీసుకున్నాక మనిషి అక్కర్లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇస్రాయేలు దగ్గరికి పోయింది. ఆయన ఇప్పుడు రామన్నపేట దారిలో ఒక రైసు మిల్లుకు కాపలా ఉంటున్నాడు. సంఘంలో పెద్దల ముందు సునీల్‌ను నిలబెట్టి అడగాలని ఆమె పట్టుదల. నాయినకు చెప్పకుండా అడగడం కుదరదు. జరిగిందంతా చెప్పి, కాగితం విప్పింది.

"తెలుగుల చదువు" అన్నాడు ఇస్రాయేలు.

చదివింది. ఆ మాట దగ్గర ఆగింది.

"ఆగినవేంది?"

"నాయిన దొంగిలించిండు అని ఉంది."

ఇస్రాయేలు భుజమ్మీది తువ్వాలు తీసి ఊక దులుపుకున్నాడు. "గా దినం లైబ్రరీ సార్ గూడ గదే అన్నడు. నీ పేరు బయటికి రావద్దని ఒప్పుకున్న" అన్నాడు. తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని అన్నాడు. "వాడు రాసిండు, సరె. వానికెవలు చెప్పిన్రు?"

స్వర్ణ కాగితం మడత పెట్టింది.

"మీ అమ్మకు గూడ చెప్పద్దంటి గదనే."

"ఇంగ్లీషుల చెప్పిన నాయినా" అంది. అన్న మరుక్షణమే ఆ మాట ఎంత పసిదో ఆమెకే తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

"సంఘంల అడగకు. అడిగితె గా ముచ్చట అందరి నోట్ల పడ్తది. ఊకో." అంతే అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఆమె తెచ్చిన అన్నం గిన్నె విప్పకుండా పక్కన పెట్టి, వడ్ల లారీ వస్తే గేటు తీయడానికి లేచిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు బిడ్డ ఏమడిగినా ఊ అనో, ఊహూ అనో తప్ప ఇంకో మాట కలపలేదు. తండ్రీకూతుళ్లకు ఏమైందో తెలియక ఎస్తేరు ఇద్దరినీ తిట్టింది.

ఫలితం వచ్చింది. మాట్లాడే పరీక్షలో ఆరు. ఏడు రావాలి.

చర్చిలో సునీల్ ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చుని, తన విద్యార్థుల కోసం గట్టిగా ప్రార్థన చేసేవాడు. అందరూ ఆమేన్ అనేవారు. స్వర్ణ పెదవులు కదిపేది కాదు.

రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష రాసింది. ఈసారి సెంటరు లేదు, సారు లేడు. వార్డులో తోటి నర్సు మల్లికతో డ్యూటీ సందుల్లో మాట్లాడుకుని సిద్ధమైంది. మరిచిపోలేని ప్రయాణం గురించి చెప్పమన్నారు. స్వర్ణ ఎన్నడూ ఎక్కని రైలును, ఎన్నడూ చూడని సముద్రాన్ని, లేని మేనత్తను అక్కడికక్కడే పుట్టించి నవ్వుతూ చెప్పింది. తన బతుకులోది ఒక్క చిన్నమెత్తు కూడా బయటపెట్టలేదు. ఏడున్నర వచ్చింది.

ఇంట్లో చెబితే ఇస్రాయేలు, "మంచిది" అన్నాడు. రెండు నెలల ఊ, ఊహూల తర్వాత అప్పుడప్పుడే మాటలు మొదలైన రోజులవి. ఏం చెప్పినవ్ అని మాత్రం అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

వారం తిరక్కుండానే మల్లిక ఫోను చేసింది. "స్వర్ణా, బస్టాండు కాడ నీ ఫ్లెక్సీ చూసినవా?"

మధ్యాహ్నం డ్యూటీకి పోతూ చూసింది. సెంటరు మెట్ల పక్కన గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ. విజయం సాధించిన మా విద్యార్థులు అని పెద్దక్షరాలు. మధ్యలో సునీల్ చేతులు కట్టుకుని ఉన్నాడు. అతని కుడిపక్కన స్వర్ణ. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో తీసిన ఫోటో అది. పక్కనే నిలబడ్డ తల్లిని కత్తిరించేశారు, ఎస్తేరు చెయ్యి ఒక్కటే బిడ్డ భుజం మీద మిగిలింది.

స్వర్ణ సంచిలోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది. మునివేళ్ల మీద నిలబడి తన తల పైనుంచి మొదలుపెట్టింది. ఫ్లెక్సీ మందంగా ఉంది, కత్తెర మొండికేసింది. ఆటోవాళ్లు చూస్తున్నారు. చాయ్ హోటలు ముందు నలుగురు లేచి నిలబడ్డారు. పైనుంచి సునీల్ దిగివచ్చాడు.

"చెల్లె, గిదేం పని? అందరు జూస్తున్రు."

"చూడనీ."

"లోపలికి రా, మాట్లాడుకుందాం. మీ నాయినకు తెలిస్తే బాధపడ్తడు."

కత్తెర ఆగింది. ఆమె వెనక్కి తిరిగి, అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "మా నాయిన పేరు ఇంకోపారి నీ నోట రావద్దు" అంది. గొంతు పెంచలేదు.

సునీల్ ఇంకేమీ అనలేదు. చుట్టూ చూసి, పని ఉన్నట్టు ఫోను చెవికి పెట్టుకుని మెట్లెక్కాడు.

తల్లి చెయ్యి తెగకుండా జాగ్రత్తగా చుట్టూ కత్తిరించింది. ముక్క చేతికొచ్చాక చుట్టి సంచిలో పెట్టుకుని దవాఖాన వైపు నడిచింది. రెండు గంటలకు వార్డు అప్పగింతలు. ఆలస్యమైతే హెడ్ నర్సు ఊరుకోదు.