గుండీల డబ్బాలో ఫ్యూజు

"తీగల్లో నిప్పు పుడితే కారు తలుపు తీసుకుని బయటపడటానికి ఎంతసేపు పడుతుందే?" అని అడిగింది తల్లి. అప్పటికి కూతురు స్పీకర్ల అట్టపెట్టె మీది టేపు కూడా చింపలేదు.

"ముందు పెట్టె విప్పనియ్యమ్మా, తర్వాత తగలబెడదాం" అంది కూతురు.

ఆవిడకు నవ్వు రాలేదు. మబ్బు పడితే వరద, ఎవరైనా తుమ్మితే ఆస్పత్రి కళ్ళముందు కనబడే మనిషి. పైగా ఆ కారంటే మొదటినుంచీ గిట్టదు. పాతికేళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఎక్కితే నేలమీద చతికిలబడ్డట్టుంటుంది. ఆకుపచ్చ రంగు, ముందుకు సాగిన మూతి, కాలు ఆనిస్తే చాలు ఎగిరి దూకుతుంది. అందుకే ఇంట్లో దాని పేరు మిడత. ఆవిడ భర్త తను పనిచేసిన ప్రెస్సు యజమాని మూలన పడేసిన దాన్ని తెచ్చుకుని, ఏడాదిపాటు దాని కింద పడుకుని బాగుచేసుకున్నారు. ఆ ఏడాదంతా జాకీ జారుతుందేమోనని ఆవిడ గుండె చేత్తో పట్టుకుని తిరిగింది.

ముప్పై ఏళ్ళు అచ్చు యంత్రాల మధ్య పనిచేసిన చెవులు ఆయనవి. రిటైరయ్యే నాటికి ముప్పాతిక వంతు పోయాయి. చెవికి మిషను పెట్టుకుంటే చెంచా జారినా పిడుగు పడ్డట్టుందని దాన్ని సొరుగులో పడేశారు. రోజూ సాయంత్రం మిడతలో ఓ గంట తిరిగొస్తారు. ఆ గంటలో ఆవిడ నాలుగుసార్లు ఫోను చేస్తుంది. ఒకప్పుడు ఎత్తేవారు. ఒకరోజు ఆవిడ బాత్రూంలో జారిపడి, మోకాలు వాచి, ఏడుస్తూ ఫోను చేసి చెబితే, ఆయన నిమ్మళంగా "మంచిది, అలాగే కానీ" అన్నారు. ఇంటికొచ్చి కాలికి కట్టు చూశాకగానీ ఆయనకు సంగతి తెలియలేదు. ఆవిడ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. ఆనాటినుంచి ఆయన ఫోను ఎత్తడమే మానేశారు. మోగి మోగి ఆగిపోతుంది. ఏడాదిన్నర అయింది.

ఆ రెండు రోజులూ తను అలా ఉండకపోతే బాగుండేదన్న దిగులు ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడేమో తండ్రీ కూతుళ్ళు కూడబలుక్కుని కారుకు కొత్త స్పీకర్లంటున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. పాటల హోరులో ఇక ఫోను మోగిందన్న సంగతైనా ఆయనకు తెలుస్తుందా?

కూతురు పని చేసేది కార్లకు స్పీకర్లు బిగించే షాపులోనే. సెలవు పెట్టి ఇంటిముందు కూర్చుంది. పాతబడ్డ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుందని, తలుపు లోపలి పలకను జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చబెట్టి, పసిపిల్లకు చొక్కా విప్పినంత మెల్లగా ఊడదీసింది. రేకు అదరకుండా దానికి నల్లటి బరువు షీట్లు అంటించింది. అంతకుముందు వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగిన తలుపు, తర్వాత పండిన గుమ్మడికాయలా ధుబ్‌మంది. సీటు తలగడల పక్కన చిన్న స్పీకర్లు పెట్టింది. అద్దం పక్కన బఠాణీ గింజంత నల్లటి బొడిపె ఒకటి బిగించింది. అదేమిటో తల్లి అడగలేదు. ఆవిడ చూపంతా బ్యాటరీ నుంచి బయల్దేరిన ఎర్రతీగ మీదే ఉంది.

తల్లి భయం తీర్చాలని కూతురు ఫ్యూజు చూపించింది. ఏదన్నా తేడా వస్తే ముందు ఇది కాలిపోతుంది, కారు మీద ఈగ కూడా వాలదు అని చెప్పింది. తల్లి బుర్రకు ఎక్కింది మాత్రం కాలిపోతుందన్న ఒక్క ముక్కే. మధ్యాహ్నం తండ్రీ కూతుళ్ళు భోజనానికి కూర్చోగానే ఆవిడ బయటికొచ్చి, ఫ్యూజు గూడు మూత తీసి, ఆ కాలిపోయేదాన్ని పీకి, గుండీల డబ్బాలో దాచేసింది.

నాలుగింటికి కూతురు స్విచ్చు వేసింది. కారులోని పాటల పెట్టె తెర మీద వెలుగొచ్చింది గానీ చప్పుడు లేదు. కరెంటు చూసే మీటరు తెచ్చి తీగ వెంబడి చూసుకుంటూ పోయి అయిదు నిమిషాల్లో ఫ్యూజు దగ్గర ఆగింది. ఖాళీ గూడు చూసి, తలెత్తి తల్లిని చూసింది.

"ఫ్యూజు కాలిపోవడం చూశాను గానీ నడిచి వెళ్ళిపోవడం ఇదే చూడటం."

తల్లి వాకిట్లో లేని చెత్తను కాలితో నెట్టింది. అవతల ఆయన, ఇదేదీ వినపడక, ముందు అద్దం తుడుచుకుంటున్నారు.

కూతురు కోప్పడలేదు. పక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పింది. "నాన్న పాటలు అడగలేదమ్మా. షాపుకొచ్చి, మీ అమ్మ ఫోను చేస్తే మాట తెలిసేలా చెయ్యగలవా అని అడిగాడు. ఆ బొడిపె మైకు. నీ ఫోను ఈ స్పీకర్లలోంచి వస్తుంది, గొంతు స్పష్టంగా ఉండేలా సర్దాను. నాన్నకు ఎంతవరకు తెలుస్తుందో ఇంకా నాకూ తెలీదు."

తల్లి లోపలికెళ్ళింది. గుండీల డబ్బాను అలాగే తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

ఫ్యూజు మళ్ళీ గూట్లో పడ్డాక ఆయన ఎక్కారు, మిడత వీధి మలుపు తిరిగింది. గేటు దగ్గర నిలబడి ఆవిడ ఫోను చేసింది. రెండుసార్లు మోగింది. మూడోసారి మోగలేదు. ఇంజను చప్పుడు చెవిలోకి వచ్చింది.

ఏడాదిన్నరగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"ఏమండీ, నేనే" అంది. "ముందు లారీలు ఆగి ఉంటాయి, చూసుకోండి. మీకు... మీకు వినపడుతోందా?"

జవాబు లేదు. కాసేపటికి ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది. ఆవిడకు లారీ కనబడింది, నుజ్జయిన పచ్చరేకు కనబడింది, ఆస్పత్రి మెట్లు కూడా కనబడ్డాయి. గేటు ఊచ పట్టుకుంది. పెట్టేద్దామా అన్నట్టు కూతురి వంక చూసింది. కూతురు ఫోనువైపు చెయ్యి చూపింది. కట్ కాలేదు, అంకెలు మారుతూనే ఉన్నాయి. నలభై. యాభై. నిమిషం దాటింది.

అప్పుడు ఆయన గొంతు వినపడింది. తన మాట తనకే వినపడక ఇంట్లో అరిచినట్టు కాదు, మామూలు మనిషి మాట్లాడినంత మెల్లగా.

"బండి పక్కకు తీసి ఆపాను. ఇప్పుడు చెప్పు, ఆ రోజు బాత్రూంలో ఎలా పడ్డావు?"