ఒక్క ఇంటి కోసం వీధంతా

ఆ ఆరోగ్య కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇరవై ఆరేళ్లుగా పసిపిల్లలకు టీకాలు వేస్తున్న నర్సు కాబట్టి పేటలో పిల్లలు సూదమ్మ అన్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి తమ బిడ్డల్ని ఎత్తుకొచ్చినా ఆ పేరే నిలిచిపోయింది. ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. "గుచ్చినందుకైనా గుర్తుపెట్టుకున్నారు, అదే పదివేలు" అనేది.

టీకా వేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అందులోనూ క్షయ రాకుండా పుట్టిన కొత్తలో వేసే బీసీజీ అంటే ఆమె తర్వాతే ఎవరైనా. ఆ మందు కండలోకి దిగకూడదు, చర్మం పొరల మధ్యే నిలవాలి. సరిగ్గా పడితే ఎడమ భుజం మీద చిన్న తెల్లని పొక్కు లేస్తుంది. ఆ పొక్కు కోసం కొత్త నర్సులు ఊపిరి బిగబట్టి తంటాలు పడుతుంటే, సూదమ్మ పిల్లవాడితో కబుర్లాడుతూనే వేసేసేది. ఏడవాలా వద్దా అని వాడు తేల్చుకునేలోపే పని అయిపోయేది.

అలాంటి మనిషికి ఒక సోమవారం ఉదయం పరీక్ష పెట్టారు.

పెట్టింది కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. సూదమ్మ కూతురి వయసు ఉంటుంది. పదకొండు మంది సిబ్బందినీ మందుల గదిలో కూర్చోబెట్టి, తలా ఒక కాగితం ఇచ్చింది. టీకాల మీద ఇరవై ప్రశ్నలు.

"పేర్లు రాయక్కర్లేదు. ఎవరికెన్ని మార్కులో నాకు పని లేదు. మనకి ఏం తెలుసో ఏం తెలీదో తెలిస్తే చాలు" అంది.

సూదమ్మ అందరికంటే ముందే రాసిచ్చేసింది. పదహారో ప్రశ్న దగ్గర మాత్రం కలాన్ని కాస్త గట్టిగా నొక్కింది. తల్లికి హెచ్‌ఐవీ ఉంది, బిడ్డకు సోకిందో లేదో ఇంకా తేలలేదు, బిడ్డ చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంది, బీసీజీ వేయవచ్చా అని ప్రశ్న. 'వేయకూడదు' అని రాసి కింద గీత కూడా గీసింది. ఇది కూడా తెలియనివాళ్లు ఉంటారా అనుకుంది.

సాయంత్రం డాక్టరమ్మ అందరినీ మళ్లీ పిలిచింది. "మిగతావన్నీ బాగానే రాశారు. పదహారోది మాత్రం పదకొండు మందిలో ఎనిమిది మంది తప్పు రాశారు. ఆ బిడ్డకి బీసీజీ వేయాలి."

అందరి చూపులూ సూదమ్మ వైపు తిరిగాయి. ఇలాంటప్పుడు నోరు విప్పేది ఆమే.

"అందులో ఉండేది బతికున్న క్రిమి కదా డాక్టరమ్మా" అంది సూదమ్మ. "అసలే బలం లేని ఒంట్లోకి దాన్ని ఎక్కిస్తే ఎలాగ?"

"మీరన్నది నిజమే సిస్టర్. హెచ్‌ఐవీ సోకి, జబ్బు పడిన బిడ్డకైతే ప్రమాదమే. సోకిందని తేలిన బిడ్డకి కూడా మందులు మొదలుపెట్టి, ఒళ్లు కుదుటపడేదాకా ఆగాలి. కానీ ఈ ప్రశ్నలో బిడ్డకి ఏ లక్షణాలూ లేవు. తల్లి రోజూ మందులు వేసుకుంటుంటే ఇలాంటి బిడ్డల్లో చాలామందికి అసలు సోకదు. తేలే వరకూ ఆగుదామంటే, ఆఖరి పరీక్షకి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ ఆ పసివాణ్ణి క్షయకి వదిలేసినట్టేగా? పైగా అలాంటి ఇళ్లలోనే క్షయ ఎక్కువ."

సూదమ్మ వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తుంటే దారి పొడుగునా ఆ మాటే మింగుడు పడలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నాకు చెబుతుందా అనుకుంది. నాలుగడుగులు వేసి, ఒకవేళ నిజమైతే అనుకుంది. ఈ రెండో మాట దగ్గర ఆమె నడక నెమ్మదించింది.

ఇంట్లో భర్త తలుపు తీస్తూనే ఆమె ముఖం చూశాడు. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎక్కువ అడగడు.

ఆమే పరీక్ష సంగతంతా చెప్పి, "ఏమండీ, అటక మీద నా పాత నోటు పుస్తకాలున్నాయి. కాస్త దించుతారా" అంది.

ఆయన స్టూలు ఎక్కి, దుమ్ము పట్టిన అట్టపెట్టె దించాడు. హెచ్‌ఐవీ గురించి మొదటిసారి శిక్షణకు వెళ్లినప్పుడు రాసుకున్న నోటు పుస్తకం అడుగున దొరికింది. సూదమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. గుండ్రటి తన రాతే. 'హెచ్‌ఐవీ లక్షణాలు కనబడుతున్న బిడ్డకు బీసీజీ ఇవ్వరాదు. లక్షణాలు లేని బిడ్డకు ఇవ్వవలెను.'

ఆమె ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివింది.

"నాకు సరిగ్గానే చెప్పారండీ" అంది చివరికి. "రాసుకోవడం కూడా సరిగ్గానే రాసుకున్నాను. 'లక్షణాలు కనబడుతున్న' అనే మాట ఒక్కటి మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఎప్పుడు జారిందో కూడా తెలీదు."

"నువ్వొక్కదానివే పారేసుకోలేదుగా. ఎనిమిది మందంటున్నావు" అన్నాడు ఆయన, ఓదార్పుగా.

"ఆ ఎనిమిది మందిలో నేను పోగా మిగిలిన ఏడుగురికీ నేర్పింది ఎవరనుకున్నారు?"

ఆయన అట్టపెట్టె మూసి, ఆమె పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు సూదమ్మ అందరికంటే ముందు కేంద్రానికి వెళ్లి టీకాల రిజిస్టర్లు ముందేసుకుంది. ఆపిన టీకాకు ఎదురుగా పెన్సిలుతో 'తర్వాత చూడాలి' అని రాయడం ఆమె అలవాటు. గడిచిన రెండేళ్లలో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకు అలా ఆపిన బీసీజీలు నాలుగు కనిపించాయి. ఒక్కదానినీ తర్వాత చూసింది లేదు.

ఆ కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లింది. "నిన్న మీరడిగిన ప్రశ్నకి తప్పు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. వీళ్లు నలుగురూ నేను వెనక్కి పంపిన పిల్లలు. వెతుకుతాను" అంది.

డాక్టరమ్మ కాగితం చూసి, "వెతుకుదాం" అంది.

మొదటి బిడ్డ దగ్గర్లోనే దొరికింది. పెద్దాసుపత్రిలో చేసిన పరీక్షలో ఆ పాపకు హెచ్‌ఐవీ సోకిందని అప్పటికే తేలింది, మందులు మొదలై నెల కూడా కాలేదు. డాక్టరమ్మ పాపను చూసి, "ఇప్పుడే వద్దు. ఒళ్లు కుదురుకున్నాక పెద్దాసుపత్రి వాళ్లని అడిగి అప్పుడు వేద్దాం" అంది. రెండో పిల్లవాణ్ణి వాళ్ల నాన్న మర్నాడే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. డాక్టరమ్మ పరీక్షించి సరేనంది. పొక్కు చక్కగా లేచింది.

మూడో ఇంటి దగ్గరే కష్టం వచ్చింది.

ఆ తల్లి బట్టలు కుట్టే మనిషి. ఏడు నెలల కిందట ఆరు వారాల బిడ్డను తెచ్చి, సూదమ్మ బీసీజీ ఆపాక మళ్లీ కేంద్రం గడప తొక్కలేదు. బీసీజీ మాత్రమే కాదు, తర్వాత వేయాల్సినవి కూడా అన్నీ ఆగిపోయాయి. ఆమె జబ్బు సంగతి భర్తకు తెలుసు, అత్తకు తెలియదు. నర్సు వెతుక్కుంటూ ఒక్క ఇంటికే వస్తే, వీధిలో పది నోళ్లు పది రకాలుగా అనుకుంటాయి. పదకొండో నోరు అత్తది.

సూదమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు సంచి భుజాన వేసుకుని ఆ వీధి మొదట్లో నిలబడి, మొదటి ఇంటి తలుపు తట్టింది.

"అయిదేళ్లలోపు పిల్లలుంటే టీకాల కార్డు చూపించండమ్మా. వీధంతా చూస్తున్నాం."

అలా ఇంటింటికీ తిరిగింది. ఒక ఇంట్లో కార్డు బీరువాలో భద్రంగా ఉంది, టీకాలే వేయించలేదు. ఇంకో ఇంట్లో కార్డును పిల్లవాడు సగం నమిలేశాడు. అరుగు మీద కూర్చున్న ముసలాయన, "అయిదేళ్లలోపు వాళ్లకే ఎందుకమ్మా, మోకాళ్లకి టీకా ఉంటే ముందు నాకెయ్యి" అన్నాడు. "వస్తే మొదటి బోణీ మీదే తాతయ్యా" అని సాగిపోయింది. తట్టిన పదకొండు తలుపుల వెనుక టీకాలు తప్పిన పిల్లలు ముగ్గురు తేలారు. వాళ్ల కోసం రాకపోయినా వాళ్ల వివరాలూ రాసుకుంది.

పన్నెండోది కుట్టుపని ఆమె ఇల్లు. తలుపు తీసింది అత్తే.

"మంచిపని చేశారు. మా కోడలు మనవడికి సూదులే వేయించదు. అడిగితే ముఖం తిప్పుకుంటుంది" అంటూ లోపలికి పిలిచింది.

లోపల కిటికీ పక్కన కుట్టు మిషను, దాని కింద గుడ్డ పీలికల మధ్య బోర్లాపడి పాకుతున్న పిల్లవాడు. కోడలు మిషను ఆపింది. సూదమ్మను గుర్తుపట్టగానే ఆమె ముఖం రంగు వెలిసిపోయినట్టు అయిపోయింది.

సూదమ్మ అత్త వైపు తిరిగింది. "పెద్దమ్మా, పక్కింటావిడ కార్డు ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. మీరు కాస్త వెతికిపెడతారా? నేను ఈలోపు బాబుని తూచేస్తాను."

పక్కింట్లో వెతికే అవకాశం దొరికితే ఎవరికి బద్ధకం. పెద్దావిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది.

ఇద్దరే మిగిలారు. కోడలు పిల్లవాణ్ణి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంటి దాకా ఎందుకొచ్చారు?" అంది నెమ్మదిగా.

"నీకో మాట చెప్పాలని. ఆ రోజు వీడికి ఆ టీకా వద్దన్నాను కదా. తప్పు నాదే అమ్మా. వేయాల్సింది. నేను నేర్చుకున్నది మరిచిపోయి, మరిచిపోయిన సంగతి కూడా తెలీకుండా ఇన్నాళ్లూ పని చేశాను."

పిల్లవాడు తల్లి మెడలో వేలాడుతున్న టేపు పట్టుకుని లాగుతున్నాడు.

"ఆ రోజు మీరేమన్నారో గుర్తుందా?" అంది కోడలు. "అందరి పిల్లల్నీ వరుసగా పిలిచారు. నా దగ్గరికొచ్చి కార్డు చూసి, 'ఇది మీవాడికి కాదమ్మా' అన్నారు. అంతే అన్నారు. వీడెలాగూ బతకడు కాబట్టి మందు దండగనుకున్నారని నాకనిపించింది. ఇంటికొచ్చాక మిగతావి మాత్రం ఎందుకులే అనుకున్నాను. ఊరికే పిల్లాణ్ణి ఏడిపించడం ఎందుకని."

సూదమ్మ ఆ మాట అనే ఉంటుంది. ఆ వారం వరుసలో ముప్పై మంది పిల్లలు ఉండి ఉంటారు. అన్న మాట ఆమెకు గుర్తు కూడా లేదు. ఈ తల్లి దాన్ని ఏడు నెలలు మోసింది.

"పెద్దాసుపత్రిలో వీడి పరీక్షలు చేయించావా?"

"చేయించాను. ఆరు వారాలకీ, మొన్న ఆరో నెలలోనూ. రెండుసార్లూ లేదన్నారు. నేను మందు ఒక్క పూట కూడా మానలేదు. అక్కడ టీకాలడిగితే, అవి మీ కేంద్రంలోనే అన్నారు."

"అయితే నువ్వు చేయాల్సిందంతా చేశావు. వెనకబడింది మేమే." సూదమ్మ సంచి సర్దుకుంటూ, "నా మీద కోపం ఉంటే ఉంచుకో, తప్పు లేదు. వీణ్ణి మాత్రం బుధవారం తీసుకురా. నా చేత్తో వద్దనుకుంటే ఇంకో నర్సు వేస్తుంది" అంది.

ఆమె జవాబు చెప్పేలోపు అత్త తిరిగొచ్చింది. పక్కింటావిడ కార్డు దొరకలేదు గానీ, తాను గతేడాది పోగొట్టుకున్న గరిట అక్కడ దొరికిందట. ఆ సంతోషంలో సూదమ్మను టీ తాగందే కదలనివ్వలేదు.

బుధవారం పదకొండు దాటినా ఆ తల్లి రాలేదు. బీసీజీ సీసా ఒకసారి కలిపాక కొన్ని గంటలే ఆగుతుంది, తర్వాత పారేయాల్సిందే. సూదమ్మ గడియారం చూడనట్టే చూసుకుంటూ పని చేసింది. పన్నెండు కావస్తుండగా గుమ్మంలో నీడ పడింది. భర్త పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందు, ఆమె వెనుక.

డాక్టరమ్మ తీరిగ్గా చూసింది. బరువు తూచింది, మెడ కింద గడ్డలున్నాయేమో తడిమింది, నోట్లో తెల్లపూత ఉందేమో చూసింది, ఊపిరితిత్తుల చప్పుడు వింది. పెద్దాసుపత్రి కాగితాలు చదివింది. "బంగారంలా ఉన్నాడు. బీసీజీ వేయండి, ఆగిపోయినవీ మొదలుపెట్టండి. ఇలాంటి పిల్లలకి తట్టు టీకా ఆరో నెలలోనే ఒకటి వేస్తాం, తొమ్మిదో నెలలో మళ్లీ. ఆరో నెలలో తప్పిన ఆ ఒకటీ ఈరోజే కానివ్వండి" అంది.

పక్క బల్ల దగ్గరున్న నర్సు లేచింది. తల్లి తల అడ్డంగా ఊపి, సూదమ్మ ముందు కూర్చుంది. పిల్లవాడి ఎడమ చేతి చొక్కా తానే పైకి మడిచింది.

ఇరవై ఆరేళ్లలో మొదటిసారి సూదమ్మ కబుర్లు చెప్పలేదు. వేలితో చర్మం సాగదీసి, సూదిని దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, మెల్లగా నొక్కింది. తెల్లని పొక్కు లేచింది. పిల్లవాడు ఒకసారి భుజం వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, అప్పుడు మొదలుపెట్టాడు ఏడుపు. కేంద్రం కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

"గొంతు బావుంది" అంది సూదమ్మ.

తల్లి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ శుక్రవారం సిబ్బంది సమావేశంలో సూదమ్మ తన పాత నోటు పుస్తకం పట్టుకెళ్లి ఆ రెండు వాక్యాలూ అందరికీ చదివి వినిపించింది. "మీకు సగమే నేర్పాను. మిగతా సగం ఇది" అంది. ఇంకొక్క మాట కూడా చెప్పింది. ఏ కారణంతో టీకా ఆపినా, ఎందుకు ఆపామో, మళ్లీ ఎప్పుడు రావాలో తల్లిని విడిగా కూర్చోబెట్టి చెప్పకుండా పంపొద్దని. పెన్సిలు రాతలు ఆ రోజుతో మానేసింది.

నాలుగో బిడ్డ కుటుంబం ఇల్లు మారి వేరే ఊరు వెళ్లిపోయింది. వీలు చిక్కినప్పుడల్లా సూదమ్మ ఒక్కో ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసి, జబ్బు ఊసెత్తకుండా పాత కార్డు నంబరు, పుట్టిన తేదీ చెప్పి అడిగేది. అయిదో కేంద్రంలో ఒక నర్సు ఫోనెత్తింది. గొంతు వింటే పాతికేళ్లు కూడా ఉండవు.

"ఆ పాప మా దగ్గరికే వస్తుంది సిస్టర్. అన్నీ అయిపోయాయి."

"బీసీజీ కూడానా?"

"వచ్చిన మొదటి రోజే డాక్టరుగారికి చూపించి వేసేశాను."

"కార్డు మీద మేం ఆపామని రాసి ఉంది కదమ్మా. మరి ఎలా వేశావు?"

అవతల ఆ పిల్ల కాస్త కంగారు పడింది. "పాప బాగానే ఉంది కదా సిస్టర్. వేయకూడదా?"

"వేయాలి, వేయాలి" అంది సూదమ్మ. "మంచిపని చేశావు."

ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత లేచి చేతులు కడుక్కుని బయటికి వెళ్లింది. బల్ల ముందు అప్పటికే పదిమంది తల్లులు వరుసలో కూర్చుని ఉన్నారు.