పక్కన పరిగెత్తే అడుగులు

ట్రెడ్‌మిల్ మీద బౌలర్ ఒక్కడే పరిగెడుతున్నాడు. అతని చెవులకు మాత్రం రెండు జతల కాళ్ల చప్పుడు వినిపిస్తోంది.

ఇది కొత్తేం కాదు. తమ్ముడు పోయినప్పటి నుంచీ ఇదే వరస. మైదానంలో బంతి పట్టుకుని పరుగు మొదలెడితే చాలు, పక్కనే ఎవరో అడుగులో అడుగు వేస్తూ వస్తారు. అటు చూడకూడదని పళ్లు బిగబట్టి పరిగెడతాడు, గీత దాటేస్తాడు. మళ్లీ నోబాల్. "గీత నీ ఒక్కడికే కనపడదేంట్రా?" అని కోచ్ తిట్టిపోస్తాడు. పాపం అందామంటే నోరు రావడం లేదు. చేజేతులా చేసుకున్నది మరి!

పోయినేడాది జట్టు డాక్టరు అందరినీ గుండె పరీక్షలకు రమ్మన్నప్పుడు ఇతని మోకాలు వాచి ఉంది. ట్రెడ్‌మిల్ ఎక్కితే కుంటడం ఖాయం, జట్టులో చోటు గల్లంతు. ఇంట్లోనేమో అచ్చు గుద్దినట్టు తనలాగే ఉండే కవల తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అప్పుడప్పుడే జ్వరం తగ్గి తిరుగుతున్నాడు.

"ఒరేయ్, ఈ ఒక్క పూటకి నువ్వే నేను," అని బతిమాలాడు బౌలర్.

"నాకేం పోయింది అన్నయ్యా, నీకంటే బాగానే పరిగెడతా," అని నవ్వుతూ వెళ్లొచ్చాడు తమ్ముడు.

మర్నాడు డాక్టరు ఫోన్ చేశాడు. గుండె తీరు తేడాగా ఉంది, స్కాన్ తీయాలి అన్నాడు. స్కాన్‌కు పడుకుంటే చాలు, మోకాలితో పనిలేదు. అందుకని ఈసారి తనే వెళ్లాడు. అంతా శుభ్రంగా ఉంది. మొదటిసారి మిషన్ తప్పు చూపించిందనుకున్నాడు డాక్టరు.

తప్పు మిషన్‌ది కాదని బౌలర్‌కు తెలుసు. తమ్ముడికి చెప్పాలి. చెబితే ఇల్లంతా గగ్గోలు, గుట్టు బయట. టోర్నీ అయ్యాక చెబుదాంలే, దుక్కలా ఉన్నాడు, వాడికేమవుతుంది అనుకున్నాడు. టోర్నీ నడుస్తుండగానే, ఆగిపోయిన లిఫ్టు బాగుచేయడానికి సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కుతూ తమ్ముడు కుప్పకూలాడు. జ్వరం తర్వాత గుండె కండరం వాచిందన్నారు ఆస్పత్రిలో.

"ఒక్క పరీక్షన్నా చేయించలేకపోయానే!" అని అమ్మ తల బాదుకుంది. బౌలర్ ఆ చేతులు పట్టుకుని ఆపాడు, అసలు సంగతి మాత్రం దాచాడు.

ఈ ఏడు పరీక్షకు, "ఉన్నది నువ్వొక్కడివే," అంటూ అమ్మ వెంటపడి వచ్చింది. అతని తువ్వాలు ఒళ్లో పెట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చుంది.

ట్రెడ్‌మిల్ ఆగింది. డాక్టరు కాగితం చూసి నవ్వాడు. "మీవాడి గుండె భేషుగ్గా ఉందమ్మా. పోయినేడాదే మిషన్ మమ్మల్ని హడలగొట్టింది. గుండె కండరం వాచిందేమో, ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందేమో అనుకున్నాం."

తువ్వాలు మడతపెడుతున్న అమ్మ చేతులు ఆగాయి.

"జ్వరం వీడికి రాలేదు బాబూ," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పోయినేడాది పరీక్ష రోజు నీ జెర్సీ వాడెందుకు తొడుక్కెళ్లాడురా? ఇస్త్రీ చేసిచ్చింది నేనే."

బౌలర్ ట్రెడ్‌మిల్ దిగి తల దించుకున్నాడు.

"వాడి గుండె సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

అమ్మ తువ్వాలు కుర్చీలో పెట్టి లేచింది. తలుపు తీసుకుని వరండాలోకి నడిచింది. చెప్పుల చప్పుడు దూరమవుతోంది. ఆ చప్పుడు పక్కనే, అడుగులో అడుగు వేస్తూ, రెండో జత కాళ్లు కూడా వెళ్లిపోయాయి.