తడిగుడ్డ

కాపలావాళ్ళు బుడగల పెద్దమ్మ రెక్కలు పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయారు. దారిలో ఒక చెప్పు ఊడిపోతే తీసుకోనివ్వలేదు. బుడగలొచ్చిన కుక్కర్లను బుడగలొచ్చాయని చెప్పడం, అదీ ఆమె చేసిన నేరం. కుక్కర్ల ఫ్యాక్టరీ షెడ్డులో అందరూ చూసి మళ్ళీ పనిలో పడ్డారు. పెద్దకోడలైతే అటు చూడను కూడా చూడలేదు. ఆమె చూపంతా చక్రాల ఫ్యాను మీదే ఉంది. మేనేజరు దాన్ని స్వయంగా తోసుకెళ్ళి చిన్నకోడలి బల్ల పక్కన నిలబెడుతున్నాడు.

రేకుల కప్పు కింద మనుషులు ఉడికిపోయే ఆ షెడ్డుకి ఉన్నది ఆ ఒక్క ఫ్యానే. ఎవరు ఎక్కువ కుక్కర్లు పాసు చేస్తే వారం పాటు వాళ్ళకి గాలి. అందరికీ ఉక్కపోసి ఒక్కరికి గాలి విసిరితే, జనం విసిరినవాడిని తిట్టరు, గాలి తగిలినదాన్ని తిడతారు. ఈ విద్య యజమానులకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇద్దరూ తోడికోడళ్ళు. ఇంట్లో పొయ్యి ఒకటే, ఇక్కడ బల్లలు పక్కపక్కనే. ఇంట్లో అత్తగారు చిన్నదాని చేతివంట మెచ్చుకుంటుంది, ఇక్కడ మేనేజరు చేతివేగం మెచ్చుకుంటాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, పెద్దకోడలికి ఉక్క బాధ కన్నా చిన్నదాని నుదుటి మీద ఎగిరే ముంగురుల బాధ ఎక్కువైంది.

అసలు పద్ధతి వేరు. కుక్కరుకి మూత బిగించి, గాలి నింపి, నీళ్ళ తొట్టిలో ముంచాలి. బుడగ వస్తే మూత సరిగ్గా పట్టలేదన్నమాట, పక్కన పడేయాలి. రాకపోతే పరీక్షించినవాళ్ళు ఎవరి ముద్ర వాళ్ళు కొట్టి పెట్టెలోకి పంపాలి. ముంచితే ఆలస్యం. అందుకని తొట్టి బాగుచేయించాలనే వంకతో మేనేజరు నీళ్ళు తీయించేశాడు. ముంచారో లేదో తేల్చుకోవడానికి కొనేవాళ్ళ మనుషులు వచ్చి చెమ్మ తగులుతుందా అని ముట్టుకుని చూస్తారు గనక, ప్రతి బల్ల మీదా ఒక తడిగుడ్డ పెట్టించాడు. తుడవడం, ముద్ర కొట్టడం, అంతే. ఎవరో తెలియని వాళ్ళ గొంతులు తడిగుడ్డతో కోస్తున్నామని అందరికీ తెలుసు. బకెట్టుతో కుళాయి నీళ్ళు మోసుకొచ్చి ముంచిన పెద్దమ్మ మాత్రం రోజూ వచ్చి గేటు బయట కూర్చుంటోంది.

ఆ వారమే హెడ్డాఫీసు నుంచి ఇస్త్రీ చొక్కా ఆయన వచ్చి వ్యాపారంలో నీతి గురించి పాఠం చెప్పాడు. "పనిలో తప్పు కనిపిస్తే మీరేం చేయాలి?" అని అడిగాడు.

"చెప్పులు గట్టిగా తొడుక్కోవాలండి, గేటు దాకా ఈడుస్తారు కదా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. షెడ్డంతా గొల్లుమంది.

ఆయనా నవ్వేసి, ఉత్తమ నిజాయితీ బిళ్ళ తీసి చిన్నకోడలికి తగిలించాడు. పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజునుంచి ఆమె తుడుపు చూడాలి! గుడ్డ ఆరనిస్తే ఒట్టు.

కొద్దిరోజులకే కబురొచ్చింది. ఎక్కడో ఒక ఇంట్లో కుక్కరు పేలి, మూత ఎగిరి, వండుతున్నామె కన్ను పోయిందట. ఆ మూత మీద ఉన్నది చిన్నకోడలి ముద్ర.

మేనేజరు పెద్దకోడలిని చల్లటి గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. "మీ చిన్నదే బద్ధకించి ముంచలేదని అందరి ముందూ చెప్పు చాలు. సూపర్‌వైజరు కుర్చీ నీది. ఫ్యాను ఇక నీ దగ్గరే ఉంటుంది."

దాచడమెందుకు, ఆమెకి సంతోషమే కలిగింది. చిన్నదాని ఏడుపుమొహం కళ్ళముందు కదిలి కడుపు చల్లబడింది. తల ఊపబోయింది కూడా. అంతలో మేనేజరు డ్రాయరు లాగి ఇంకో మూత బల్ల మీద పెట్టాడు. వంకరపోయి ఉంది. దాని మీద ఉన్నది పెద్దకోడలి ముద్ర.

"ఇదీ వచ్చింది. నువ్వు మాట వింటే డ్రాయరులోనే ఉంటుంది."

"ఇది ఎవరికి తగిలింది సార్?"

"నీకెందుకు?"

తెరిచిన డ్రాయరులో ఇంకా మూతలున్నాయి. ఇవాళ చిన్నది, రేపు తను, ఎల్లుండి ఇంకొకరు. ఇంతకాలం గాలి కోసం కొట్టుకు చచ్చారు, ఇక కత్తి ముందు వరసకట్టాలి. ఆమె తన మూత చేతిలోకి తీసుకుని లేచింది. సాక్ష్యానికే తీసుకుంది కాబోలనుకుని మేనేజరు అడ్డుచెప్పలేదు.

షెడ్డులో అందరినీ పోగుచేశారు. చిన్నకోడలు బిళ్ళని గుప్పిట్లో మూసుకుని నిలబడింది.

"చెప్పమ్మా," అన్నాడు మేనేజరు.

"మా చిన్నది ముంచలేదు," అంది పెద్దకోడలు. "నిజమే. నేనూ ముంచలేదు. ఇదిగో నా మూత. మీలో ఎవరు ముంచారు, చెప్పండి! ముంచడానికి తొట్టిలో నీళ్ళేవి? తీయించిందెవరు?"

"నోర్ముయ్!"

"ఈ చిన్నదంటే నాకు ఏడుపే. ఆ ఫ్యాను దాని దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నా కడుపు మండింది, ఇప్పుడూ మండుతోంది. అయినా దాని మెడకి మీరు పేనిన తాడు నేను బిగించను."

ప్రెస్సు మిషను ముసలాయన అడ్డొచ్చాడు. "ఫ్యాక్టరీ మూతపడితే తిండి ఎవడు పెడతాడే?"

"బాబాయ్, ఈ కుక్కరు మీ కోడలి పొయ్యి మీదికి రాదని రాసిచ్చారా నీకు?"

ముసలాయన తనే వెళ్ళి బకెట్టు తీసుకున్నాడు. కుళాయి నుంచి తొట్టి దాకా జనం బారులు తీరారు. బకెట్లు చేతులు మారాయి, తొట్టి నిండింది. బయట లారీలో కట్టిన పెట్టెలు దింపి విప్పారు. గేటు దగ్గరికెళ్ళి పెద్దమ్మని లోపలికి తెచ్చుకున్నారు, కాపలావాళ్ళు పక్కకి తప్పుకున్నారు. మొదటి కుక్కరు ఆమె చేతే ముంచారు.

బుడగలు! మరోటి ముంచారు. మళ్ళీ బుడగలు.

ఇక ముంచకుండా కొట్టేది లేదని అందరూ తమ ముద్రలు తెచ్చి తొట్టిలో పడేశారు. చిన్నకోడలు ముద్రతోపాటు బిళ్ళని కూడా వదిలేసింది.

మేనేజరు ఫోను చేసిన కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. "ముందు ఆ నోరున్నదాన్ని ఎక్కించండి," అన్నాడు మేనేజరు. పెద్దకోడలిని ఎక్కించారు.

చిన్నకోడలు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏం అక్కా, పేరంతా నువ్వొక్కదానివే కొట్టేద్దామనా? జరుగు!"

"ఇక్కడికీ తయారయ్యావూ!" అంటూనే పెద్దకోడలు చెయ్యి అందించింది.

వాళ్ళ వెనకే ముసలాయన ఎక్కాడు. పెద్దమ్మని ఎవరో ఎత్తి కూర్చోబెట్టారు. తరవాత షెడ్డంతా తోసుకుంటూ వచ్చి జీపు చుట్టూ మూగింది, ఎక్కనివ్వమని పోట్లాడింది. జీపు కదలలేదు.