మూడు వందల బొమ్మలు

ఆ వేసవిలో ఆ మూడంతస్తుల భవనం మొత్తానికి ఏసీ ఉన్న గది ఒక్కటే. అదీ మనుషుల కోసం పెట్టింది కాదు, కంప్యూటర్ కోసం పెట్టింది. అది కేబుల్ టీవీ వాళ్ల ఆఫీసు. రెండో అంతస్తులో, మెట్ల పక్కన, పాత కాగితాలు పడేసే కొట్టుగదిని కడిగి, సున్నం వేసి, గ్రాఫిక్స్ గది అని పేరు పెట్టారు. అందులో పనిచేసేది ఒక్కతే అమ్మాయి. పెళ్లయి నాలుగేళ్లు, ఇంట్లో రెండేళ్ల కొడుకు.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఛానల్లో కొత్తగా వార్తలు మొదలవుతాయి. వాటి ముందు పన్నెండు సెకన్ల టైటిల్ కావాలన్నారు. భూగోళం తిరగాలి. దాని వెనకనుంచి అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి వరసగా నిలబడాలి. ఆఖరి సెకన్లో వాటి మీదుగా ఒక మెరుపు పాకాలి. ఆ మెరుపుతోనే ఆ అమ్మాయి పది రోజులు కుస్తీ పట్టింది.

సెకనుకి పాతిక చొప్పున మొత్తం మూడు వందల బొమ్మలు. ఏది ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఆగాలో చెబితే చాలు, మధ్య కదలికలన్నీ కంప్యూటరే పూరించుకుంటుంది. కానీ ఒక్కో బొమ్మకీ వెలుగూ నీడా వేసి తయారుచెయ్యడానికి దానికి ఇరవై నిమిషాలు కావాలి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే శుక్రవారం ఒంటిగంటకి పూర్తవుతుంది. రెండింటికల్లా టేపు తన చేతిలో ఉండాలన్నాడు మేనేజరు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆ అమ్మాయి కింద ముప్పైమంది పనిచేస్తున్నారు. అలాంటి టైటిల్ ఈరోజు టీ తాగి వచ్చేలోపు తయారైపోతుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసులోని పిల్లలు “సారీ మేడం” అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ వారం సంగతి వాళ్లకి చెప్పినా నమ్మరు.

ఆ మంగళవారం పదింటికి అత్తగారు మనవణ్ణి చంకనేసుకుని ఆఫీసుకి వచ్చేసింది.

“ఇంట్లో రేకులు నిప్పులు కక్కుతున్నాయే అమ్మాయ్. వీడికి ఒళ్లంతా చెమటకాయలు. మీ కంప్యూటర్‌కున్న భోగం నా మనవడికి లేదా?”

పిల్లాడు బల్ల కింద చాప మీద హాయిగా నిద్రపోయాడు. అత్తగారు స్టూలు మీద కూర్చుని తెరకేసి చూసింది. పైనుంచి కిందకి ఒక్కో గీతా నింపుకుంటూ భూగోళం మెల్లగా తయారవుతోంది. మూలన ఒక అంకె.

“అదేంటి, డెబ్బై ఆరు?”

“అది ఎన్నో బొమ్మో చెబుతుంది అత్తయ్యా. ఆ అంకె ముందుకి కదులుతున్నంతసేపూ మనకి భయం లేదు. ఆగిందంటే నన్ను పిలవండి.”

అంతే, ఆవిడకి ఉద్యోగం దొరికినట్టయింది. అంకె మారినప్పుడల్లా గట్టిగా చదివేది. గంట తిరక్కుండానే ఆఫీసంతా ఏదో ఒక సాకు పెట్టుకుని చల్లగదిలోకి రావడం మొదలుపెట్టింది. డ్రైవరు తాళాలు వెతుక్కోవడానికి వచ్చేవాడు. టైపిస్టు కళ్లజోడు తుడుచుకోవడానికి వచ్చేది. మేనేజరు “పని లేనివారు రాకూడదు” అని తలుపుకి కాగితం అంటించి, లోపలికొచ్చి తనే ఓ కుర్చీ లాక్కున్నాడు. వచ్చినవాళ్లంతా అత్తగారిని “ఎంతయిందమ్మా?” అని అడగడమే. ఆవిడ ఆటలో స్కోరు చెప్పినట్టు చెప్పి, మెట్ల దగ్గరి ప్లగ్గులో కరెంటు కెటిల్ పెట్టి కాచిన టీ చేతికిచ్చేది.

గురువారం పదింటికి, రెండు వందల ఇరవై దగ్గర, పిల్లాడు పాల కోసం ఏడుపు లంకించుకున్నాడు. కోడలు కింద టేపులు తెచ్చుకోవడానికి వెళ్లింది. అత్తగారు తొందరలో కెటిల్‌ని ఏసీ పక్కనున్న ప్లగ్గులోనే పెట్టింది. ఠప్పుమంది. ఏసీ ఆగిపోయింది. కంప్యూటర్ కిందనున్న బ్యాటరీ పెట్టె కుయ్యో కుయ్యోమని పది నిమిషాలు అరిచి, అదీ చల్లబడింది.

కోడలు పరుగెత్తుకొచ్చేసరికి అత్తగారు గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“మొత్తం పోయిందా?”

“లేదత్తయ్యా. ఏ బొమ్మకి ఆ బొమ్మ విడిగా దాచుకుంటుంది. పోయింది ఆ ఒక్కటే.”

పోయింది ఒక్క బొమ్మే అయినా గోడలో వైరు కాలిపోయింది. ఎలక్ట్రీషియను వచ్చి, గోడ తవ్వి, కొత్త వైరు లాగేసరికి సాయంత్రం నాలుగు. కోడలు వేళ్లమీద లెక్క వేసింది. ఆరు గంటలు పోయాయి. ఇక రేపు ఏడింటికిగాని అవ్వదు. వార్తలు ఆరింటికి. మేనేజరు తల పట్టుకున్నాడు కానీ కెటిల్ ఊసెత్తలేదు. మూడు రోజులుగా ఆ గదిలో టీ తాగినవాళ్లలో ఆయనే మొదటివాడు.

అత్తగారు స్టూలు తెర దగ్గరికి లాక్కుంది.

“అమ్మాయ్, ఆఖర్న అక్షరాలన్నీ వచ్చి కూర్చుంటాయన్నావు కదా. కూర్చున్నదాన్ని మళ్లీ మళ్లీ పాతికసార్లు గీయించడమెందుకు?”

“కూర్చున్నాక వాటిమీద మెరుపు పాకుతుందత్తయ్యా.”

“మెరవకపోతే జనానికి చదవడం రాదా?”

మేనేజరు కిసుక్కున నవ్వాడు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. పది రోజుల మెరుపు అది. దాని కోసం కలలో కూడా దీపాలు జరిపి చూసుకుంది. కానీ అత్తగారు చెప్పినదాంట్లో తప్పు లేదు. అక్షరాలు నిలబడ్డ బొమ్మనే ఆ చివరి సెకనంతా పట్టి ఉంచితే, పాతిక బొమ్మలు తగ్గుతాయి. రేపు పదకొండుకల్లా పనైపోతుంది.

మెరుపుని తీసేస్తూ ఆమె కళ్లు తుడుచుకుంది. అత్తగారు చూసి కూడా చూడనట్టు పిల్లాడి మూతి తుడిచింది. తర్వాత మెల్లగా అంది, “నా చేతులారా చేశాను తల్లీ.”

“మీరు లేకపోతే ఈ వారం నాకు గడిచేదే కాదత్తయ్యా.” మర్యాదకి అన్న మాట కాదది.

శుక్రవారం పదకొండింటికి ఇరవై నిమిషాల ముందు అంకె రెండు వందల డెబ్బై అయిదు దాటింది. అత్తగారు చప్పట్లు కొడితే ఏమీ తెలియని పిల్లాడు కూడా కొట్టాడు.

సాయంత్రం ఆరింటికి మేనేజరు గదిలో టీవీ ముందు అందరూ గుమిగూడారు. భూగోళం తిరిగింది, అక్షరాలు వచ్చాయి, నిలబడ్డాయి. అయిపోయింది.

“ఇంతేనా!” అన్నాడు డ్రైవరు.

“ఆ చివర అలా నిలబడడం బాగుంది. హుందాగా ఉంది,” అన్నాడు మేనేజరు.

ఇంటికి చేరేసరికి అత్తగారు పక్కింటివాళ్లకి మొత్తం కథ చెప్పేసి, వాళ్లని సాగనంపి, కోడలికి పళ్లెం పెట్టి కూర్చుని ఉంది. ఫ్యాను వేడిగాలి విసురుతోంది.

“మళ్లీ ఏం బొమ్మ పెడతావు?” అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

“వాతావరణం వార్తలకి అడుగుతున్నారు. మబ్బులు కదలాలట.”

“మబ్బులకి ఎన్ని రోజులు పడుతుంది?”

“మబ్బులంటే కష్టం అత్తయ్యా. వారం దాటుతుంది.”

“దాటనీ,” అంది అత్తగారు సంతోషంగా, కూర వడ్డిస్తూ.

మబ్బులకి తొమ్మిది రోజులు పట్టింది. ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదు.